పాప క్రీము ట్యూబు మీద ఏం రాసి ఉండాల్సింది

పోయిన ఆదివారం రాత్రి పదిన్నరకి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. పిల్లల ఎగ్జిమాకి (చర్మం ఎర్రగా, గరుకుగా అయి దురద పెట్టే జబ్బు) డాక్టర్లు రాసే ఆయింట్‌మెంటుతో క్యాన్సర్ వస్తుందని అమెరికా ప్రభుత్వమే చెప్పిందంట, పది మందికీ పంపండి, ఒక పసిప్రాణాన్ని కాపాడండి అని. కింద నల్ల గీతలతో బాక్సు కట్టి లోపల ఇంగ్లీషు అక్షరాలున్న ఫొటో. రెండు నిమిషాలు కాలేదు, మూడో ఫ్లోర్ అమ్మాయి నాకు విడిగా మెసేజ్ పెట్టింది, "అక్కా మీ పాపకి రాసేది ఇదే కదా, మా బాబుకి నిన్ననే ఇదే రాశారు, పారేయనా?" అని.

ఆ బాక్సు నాకు కొత్త కాదు. మూడేళ్ల క్రితం అదే బాక్సు చదివి నేను ట్యూబు పారేశాను. పారేశాక మా ఇంట్లో ఏం జరిగిందో ఆ అమ్మాయికి పన్నెండింటి దాకా టైపు చేస్తూనే ఉన్నా. ఫోను పక్కన పెట్టాక కూడా నిద్ర పట్టలేదు, ఇంత మందిమి ఇన్ని ఇళ్లల్లో ఇదే తప్పు విడివిడిగా చేస్తున్నాం కదా అనిపించి ఇది రాస్తున్నా.

ముందే ఒక మాట. ఆ ఫొటోలో ఉన్నది అబద్ధం కాదు. నిజంగానే ఆ మందు, ట్యాక్రోలిమస్ అంటారు, దాని పెట్టెలో వచ్చే కాగితంలో ఆ బాక్సు ఉంది. నా గొడవంతా ఏంటంటే, క్యాన్సర్ అన్న మాట అంత లావుగా అచ్చేసి, ఎంత రాయాలి, ఎన్ని రోజులు రాయాలి, ఒంటి మీద ఎక్కడ రాయకూడదు అన్నది మాత్రం భూతద్దం పెట్టి వెతుక్కోమంటే అది హెచ్చరిక అనిపించుకోదు. అలా చేస్తే భయపడాల్సిన మందుకి భయపడం, అక్కర్లేనిదానికి భయపడి చస్తాం. నాకు జరిగింది సరిగ్గా ఇదే.

ఆ కాగితం

పాపకి అప్పుడు మూడేళ్లు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, కనురెప్పల మీద ఎర్రగా, గరుకుగా, కొన్నిచోట్ల రసి కారుతూ ఉండేది. ఏప్రిల్ వచ్చిందంటే మా గుంటూరు ఎండ సంగతి చెప్పక్కర్లేదు, చెమట పట్టడం ఆలస్యం గోకుడు మొదలు. పగలు ఏదో ఒకటి చేతికిచ్చి మరిపించొచ్చు. రాత్రి నిద్రలో గోక్కునే చప్పుడు ఉంటుంది చూశారా, సున్నం గోడ మీద చీపురు పుల్లతో గీసినట్టు, అది వింటూ పడుకోవడం పగవాడికి కూడా వద్దు. పొద్దున్న లేచేసరికి దుప్పటి మీద అక్కడక్కడా చిన్న చిన్న రక్తపు చుక్కలు, గోళ్ల సందుల్లో చర్మం పొట్టు.

కొత్తపేటలో చర్మం డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాం. రెండు గంటలు కూర్చుంటే లోపల ఆరు నిమిషాలు, ఆవిడ తప్పు కూడా కాదులెండి, బయట బెంచీలు చాలక మెట్ల మీద కూడా జనమే. ఒళ్లంతా రోజుకి రెండుసార్లు పట్టించమని ఒక మాయిశ్చరైజరు, చేతులకి కాళ్లకి కొన్ని రోజులు తక్కువ పవర్ స్టెరాయిడ్, కనురెప్పలకి ట్యాక్రోలిమస్ 0.03 శాతం ఆయింట్‌మెంటు రాశారు. "చూడమ్మా, కనురెప్ప మీద చర్మం ఉల్లిపొర లాంటిది, అక్కడ స్టెరాయిడ్ ఎక్కువ రోజులు పనికిరాదు. ఇది స్టెరాయిడ్ కాదు. మొదట్లో నాలుగు రోజులు మండుతుంది, ఏడుస్తుంది, భయపడి ఆపేయొద్దు" అన్నారు. మంట సంగతి చెప్పారు. బాక్సు సంగతి చెప్పలేదు.

మంట నిజమే. రెండో రోజు పాప "అమ్మా మిరపకాయ రాశావు" అని ఏడ్చింది. (తర్వాత చదివితే తెలిసింది, మిరపకాయ ఘాటు ఒంట్లో ఏ నరాల దగ్గర తగులుతుందో ఈ మందు కూడా అక్కడే తగులుతుందంట, అందుకే ఆ మంట, కొన్నాళ్లకి అదే తగ్గిపోవడం. మూడేళ్ల పిల్ల కరెక్టుగా చెప్పిందన్నమాట.) ఆ రాత్రి మంట ఎందుకొస్తోందో చూద్దామని అట్టపెట్టెలో కాగితం తీశాను. మడతలు విప్పుకుంటూ పోతే దిండు గలీబంత అయింది. గసగసాలంత అక్షరాలు. ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవడం మొదలుపెడితే అన్నిటికంటే పైన, అన్నిటికంటే లావుగా ఉన్నది ఆ బాక్సే. క్యాన్సర్, లింఫోమా (లింఫు గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్), చర్మ క్యాన్సర్.

ఆ తర్వాత నేనేం చదవలేదు. అదే బాక్సులో, అదే వాక్యంలో, మందు వల్లే వచ్చిందని తేలలేదు అని కూడా ఉంది. రెండేళ్ల లోపు పిల్లలకి వాడొద్దు, ఆగకుండా ఏళ్ల తరబడి రాయొద్దు, దద్దురున్న చోటే రాయండి అని కూడా ఉంది. ఇవన్నీ నేను చదివింది ఏడాదిన్నర తర్వాత. ఆ రాత్రి మాత్రం క్యాన్సర్ అన్న మాట దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి. మా ఆయన్ని లేపి చూపిస్తే ఆయన "డాక్టరుని అడుగుదాం" అన్నారు. నేను "అడిగేదేముంది" అని ట్యూబు చెత్తబుట్టలో పడేసి, పడుకున్న పిల్ల కనురెప్పలు తడిగుడ్డతో తుడిచాను.

రెండో ట్యూబు

వారం తిరక్కుండా మళ్లీ మొదటికొచ్చింది. నేను ఆఫీసుకి పోతే పాపని చూసుకునేది మా అత్తయ్యే. పిల్ల గోక్కుంటుంటే ఆవిడ ప్రాణం ఒప్పలేదు, మా బ్రాడీపేట లైను చివర మెడికల్ షాపుకెళ్లి "పిల్లకి తామరయ్యా, మందివ్వు" అని అడిగి ఒక ట్యూబు తెచ్చారు. చిన్న ట్యూబు, అట్టపెట్టె లేదు, కాగితం లేదు. మూడు రోజుల్లో కనురెప్పలు అద్దంలా అయిపోయాయి. మోచేతులు నున్నగా వచ్చాయి. ఆ వారం మా ఇంట్లో అందరం కంటినిండా నిద్రపోయాం. కొత్తపేటలో అంత డబ్బు పోసి అంత సేపు కూర్చుంటే రానిది అత్తయ్య ట్యూబుతో వచ్చిందని నేనే పదిమందికి చెప్పాను.

ఆపితే రెండ్రోజుల్లో మళ్లీ వచ్చేది, ముందుకంటే ఎర్రగా. మళ్లీ రాసేవాళ్లం. అలా రెండున్నర నెలలు, నాలుగు ట్యూబులు.

ఒకరోజు పొద్దున్న జడ వేస్తుంటే కిటికీ వెలుగు పాప మొహం మీద పడింది. బుగ్గల మీద, కళ్ల కింద దారపు పోగుల్లాంటి ఎర్రటి గీతలు. వేలితో నొక్కితే పోయి, తీస్తే మళ్లీ వస్తున్నాయి. చర్మం మెరుస్తోంది, రావిచెట్టు లేత ఆకులా, లోపలిది బయటికి కనపడుతున్నట్టు. పై పెదవి మీద నూగు. మోచేతి మడతలో ఆ మధ్య లేని తెల్లటి చారలు రెండు. పిల్ల పెరుగుతోంది కాబట్టి అలా ఉందేమో అని ఒక నిమిషం నాకు నేనే చెప్పుకున్నాను కూడా.

డాక్టరు గారు మొహం చూసి ఏం మాట్లాడలేదు, "ఏం రాస్తున్నారో అది పట్టుకురండి" అన్నారు. మా ఆయన బండి మీద వెళ్లి తెచ్చారు. ఆవిడ ట్యూబు వెనక్కి తిప్పి, వేలు పెట్టి చూపించారు. క్లోబెటాసాల్, దాంతోపాటు ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు, మూడూ కలిపి కొట్టింది. క్లోబెటాసాల్ అంటే పూత స్టెరాయిడ్లలో అన్నిటికంటే పై మెట్టు మీదున్నది, మామూలు హైడ్రోకార్టిసోన్ కంటే కొన్ని వందల రెట్లు ఎక్కువ పవర్. పెద్దవాళ్లకే వరసగా రెండు వారాలు దాటకూడదు, మొహానికి అసలు రాయకూడదు. మేం మూడేళ్ల పిల్ల కనురెప్పలకి రెండున్నర నెలలు రాశాం. అక్కడ అలా రాస్తూ పోతే కంట్లో ప్రెషర్ పెరగొచ్చు, శుక్లాలు రావొచ్చు అని చెప్పి ఆవిడే కళ్ల డాక్టరు దగ్గరికి పంపారు. కళ్లకి ఏం కాలేదు, అంతవరకు దేవుడు చల్లగా చూశాడు.

ఆ ట్యూబు మీద హెచ్చరిక లేదని నేను అనను. ఉంది. ఎడమ పక్కన సన్నటి ఎర్ర గీత, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఇంగ్లీషులో ఒక లైను, ట్యూబు అడుగున నొక్కిన మడతలో సగం పోయింది. ట్యూబు వాడుతూ చివరి నుంచి చుట్టుకుంటూ వస్తాం కదా, మొదట చుట్టుకుపోయేది ఆ లైనే.

అంటే రెండు మందులు. ఒకదానికి నల్ల బాక్సు కట్టి క్యాన్సర్ అని రాస్తే భయపడి మానేశాను. రెండోదాని మీద భయపెట్టేది ఏదీ నా కంట పడలేదు కాబట్టి మంచిదే అనుకున్నాను. నా పాపకి హాని చేసింది రెండోది.

ఆ బాక్సు ఎలా వచ్చింది

నా మీద నాకు కోపమొచ్చి తర్వాత దీని సంగతంతా తవ్వాను. ట్యాక్రోలిమస్ ముందు పుట్టింది చర్మానికి కాదు. 1984లో జపాన్‌లో సుకుబా దగ్గర మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీశారు, ఇంగ్లీషులో రాస్తే మందు పేరులో మొదటి T అక్షరం ఆ ఊరిదే (Tsukuba). లివరు, కిడ్నీ మార్చినవాళ్లకి ఒళ్లు కొత్త అవయవాన్ని తిప్పికొట్టకుండా మాత్రలుగా ఇచ్చేవాళ్లు. ఇమ్యూనిటీని అణచి ఉంచే మందు కదా, ఏళ్ల తరబడి మింగేవాళ్లలో లింఫోమా, చర్మ క్యాన్సరు ఎక్కువ వస్తాయన్నది తెలిసిన విషయమే. ఆయింట్‌మెంటుగా అమెరికాలో 2000 డిసెంబరులో అనుమతి వచ్చింది, దాని చెల్లెలు లాంటి పిమెక్రోలిమస్ క్రీముకి 2001లో. స్టెరాయిడ్ కాని మందు దొరికిందని అందరూ తెగ రాసేశారు, రెండేళ్లు నిండని పసిపిల్లలకి కూడా. 2005 మార్చిలో అక్కడి మందుల సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది, 2006 జనవరిలో బాక్సు పెట్టించింది. ఆధారాలు ఏంటంటే మింగే మాత్రల అనుభవం, నోటి ద్వారా ఎక్కువ డోసులిచ్చిన జంతువుల్లో కనపడినవి, క్రీము వాడినవాళ్లలో అక్కడక్కడా రిపోర్టయిన కేసులు.

చర్మం మీద రాస్తే రక్తంలోకి పోయేది ఎంత అంటే చాలామందిలో కొలిచినా దొరకనంత. మరి బాక్సు ఎందుకు పెట్టారని మొదట్లో ఎఫ్‌డీఏ మీద మండిపడ్డాను. తర్వాత ఆలోచిస్తే, 2006లో వాళ్ల చేతిలో ఏళ్ల తరబడి చూసిన లెక్క లేదు, పిల్లలు లక్షల్లో వాడుతున్నారు, నేను ఆ కుర్చీలో ఉన్నా సంతకం పెట్టేదాన్నేమో. తెలీనప్పుడు తెలీదని చెప్పడం తప్పు కాదు. అంతటితో ఊరుకోలేదు కూడా, ఏళ్ల తరబడి పిల్లల్ని వెంటబెట్టుకుని చూడమని కంపెనీలకి చెప్పారు. 2015లో పిమెక్రోలిమస్ వాడిన 7457 మంది పిల్లల లెక్క వచ్చింది, అందులో ఐదుగురికి క్యాన్సరు. 2020లో ట్యాక్రోలిమస్ వాడిన 7954 మంది లెక్క వచ్చింది, ఆరుగురికి, అందులో లింఫోమా ఒక్కటి కూడా లేదు. అంతమంది పిల్లల్లో అన్నేళ్లలో క్రీము రాయకపోయినా వచ్చేవి దాదాపు అన్నే.

ఈ నంబర్లు చెప్తే మా తమ్ముడు ఒక్క ముక్కలో కొట్టేశాడు, "అక్కా, ఆ స్టడీలకి డబ్బులిచ్చింది ఎవరు? కంపెనీలేగా" అని. నిజమే, కంపెనీలే. ఇంకోటి కూడా ఉంది, లింఫోమా అసలే అరుదు, ఏడెనిమిది వేల మందిని చూసి ఇక భయమే లేదు అని ఎవరూ ప్రమాణం చేయలేరు. మొదటి స్టడీలో ఇద్దరికి లింఫోమా వచ్చింది, ఆ సంఖ్య మీద ఎటూ తేల్చి చెప్పలేం. నేను ఆ అనుమానాన్ని తీసిపారేయట్లేదు, పెట్టుకునే ఉన్నాను. కానీ ఒకవైపు పదేళ్లు చూసినా పట్టుబడని భయం, ఇంకోవైపు రెండున్నర నెలల్లో నా కళ్లముందు పిల్ల మొహం మీద తేలిన ఎర్ర గీతలు. మొదటిదానికి నల్ల బాక్సు ఉంది. రెండోదానికి అమెరికాలో కూడా అలాంటి బాక్సు లేదు. బాక్సు లేకపోతే నాలాంటిది ఏమనుకుంటుంది?

ఈ మధ్య అమెరికాలో ఎగ్జిమాకే రుక్సోలిటినిబ్ అని ఇంకో క్రీము వచ్చింది, 2021లో. దానికీ బాక్సు ఉంది, అదీ కీళ్లవాతానికి మింగే ఆ జాతి మాత్రల్లో కనపడిన గుండెపోట్లు, రక్తం గడ్డల మీద పెట్టిందే. అదే కథ మళ్లీ.

తామర అంటే ఏంటి

ఇక్కడ మన తెలుగువాళ్ల సొంత చిక్కు ఒకటుంది. పేపర్లో ఆరోగ్యం పేజీలో ఎగ్జిమాని తామర అని రాస్తారు. మన ఊళ్లో తామర అంటే గుండ్రంగా పాకే ఫంగస్, గజ్జల్లోనో నడుం దగ్గరో వచ్చేది. అత్తయ్య పేపర్లో చదివిన తామర చెప్పారు, షాపు అబ్బాయి ఊళ్లో తామర విన్నాడు, ఫంగస్‌కి అమ్ముడుపోయే మూడు మందుల ట్యూబు చేతిలో పెట్టాడు. ఎవరి మాట వాళ్లకి కరెక్టే. పోనీ అది నిజంగా ఫంగస్ తామరకైనా పనికొచ్చేదా అంటే, అందులో స్టెరాయిడ్ దురదని తొక్కిపెడుతుంది, కింద ఫంగస్ హాయిగా పాకుతుంది.

మొన్న అదే షాపు దగ్గర నిలబడ్డాను. మిర్చి యార్డులో పనిచేసే ఆయన, బస్తాల దుమ్ము ఇంకా చొక్కా మీదే ఉంది, నా ముందు చెయ్యి పెట్టి "బాబూ, మొన్నటి ట్యూబే ఇంకోటివ్వు" అన్నాడు. చొక్కా కాలరు పక్కన మెడ మీద గుండ్రటి మచ్చ, లోపల ఇంకో గుండ్రం, దాని లోపల ఇంకోటి, చెరువులో రాయేస్తే లేచే అలల్లా. అబ్బాయి పేరు కూడా అడక్కుండా ఇచ్చేశాడు. నేనుండబట్టలేక "తమ్ముడూ, దాంట్లో స్టెరాయిడ్ ఉంది కదా, చీటీ లేకుండా ఇవ్వొచ్చా?" అన్నా. ఆ అబ్బాయి విసుక్కోలేదు, నిజం చెప్పాలంటే చాలా మర్యాదగానే చెప్పాడు, "అక్కా, నేనివ్వకపోతే పక్క షాపులో ఇస్తారు. ఆయన డాక్టరు దగ్గరికి పోతే ఒక రోజు కూలి పోద్ది, ఫీజు అదనం. ఇది వందలోపు." దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. 2018లో కేంద్రం 14 రకాల పూత స్టెరాయిడ్లని చీటీ ఉంటేనే అమ్మాలన్న లిస్టులో చేర్చింది. చర్మ డాక్టర్ల సంఘం ఐఏడీవీఎల్ ఏళ్ల తరబడి పోరాడితే వచ్చిందది. స్టెరాయిడ్ క్రీములతో పాడైన మొహానికి వాళ్లు ఒక పేరే పెట్టుకోవాల్సొచ్చింది, అంత మంది వస్తున్నారు. రూలు వచ్చింది, షాపు బల్ల దగ్గరికి రాలేదు.

అందుకే నాకు హెచ్చరిక మీదే ఆశ. చీటీ లేకుండా అమ్మేస్తున్నప్పుడు ఆ యార్డు ఆయనకి, మా అత్తయ్యకి డాక్టరు, ఫార్మసిస్టు అన్నీ ఆ ట్యూబే. దాని మీద తెలుగులో ఒక్క ముక్క లేదు. నేను ఇంట్లో ఉన్నవి, చుట్టాల ఇళ్లల్లో ఉన్నవి అన్నీ తిప్పి చూశాను, ఒక్కదాని మీదా లేదు.

పురుగుమందు డబ్బా

మా పుట్టిల్లు ప్రత్తిపాడు వైపు. పత్తి, మిరప. నాన్న అయిదో క్లాసు చదువుకున్నారు, ఇంగ్లీషు రాదు. కానీ పురుగుమందు డబ్బా చేతికి రాగానే ముందు చూసేది కింద రంగు. మూల మీద నిలబెట్టిన చతురస్రం, దాని కింది సగంలో ఎరుపో, పసుపో, నీలమో, ఆకుపచ్చో ఉంటుంది. ఎరుపైతే అన్నిటికంటే విషం, ఆకుపచ్చైతే అన్నిటికంటే తక్కువ. ఎర్ర గుర్తుదైతే మమ్మల్ని చేలోకి రానిచ్చేవారు కాదు, కలిపిన బకెట్టు కూడా చెట్టుకి వేరే తగిలించేవారు. లోపల కాగితంలో తెలుగు ఉండేది, వేసవి సెలవల్లో నేనే చదివి వినిపించేదాన్ని, కోతకి ఎన్ని రోజుల ముందు కొట్టడం ఆపాలో అదంతా. ఆ రూల్సు 1971వి.

పురుగుకి కొట్టే మందుకి యాభై ఏళ్ల కిందటే రంగుంది, తెలుగుంది. పసిపిల్ల కనురెప్పకి రాసే మందుకి లేదు. ఇది తల్చుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

చేయలేని పని కూడా కాదు. బ్రిటన్‌లో 2021లోనే అక్కడి మందుల సంస్థ, బలమైన స్టెరాయిడ్ చాలాకాలం రాసి ఒక్కసారి ఆపితే చర్మం ఎర్రగా మండిపోయే రియాక్షన్ వస్తుందని హెచ్చరించింది. 2024లో స్టెరాయిడ్ ట్యూబుల మీద పవర్ ఎంతో రాయాలని చెప్పింది, తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా, చాలా ఎక్కువా అని. అదే సంస్థ 2018లో ఇంకో హెచ్చరిక ఇచ్చింది, నాకు చాలా నచ్చింది. మాయిశ్చరైజర్లు బట్టలకి పట్టి ఎండిపోతే నిప్పు తొందరగా అంటుకుంటుంది కాబట్టి మంట దగ్గరికి వెళ్లొద్దు, బట్టలు, దుప్పట్లు తరచూ మార్చండి అని. చూడండి, అందులో ఏం చెయ్యాలో ఉంది. అది చదివాక మాయిశ్చరైజరు పట్టిన గౌనుతో పాపని దీపం దగ్గర కూర్చోనివ్వట్లేదు. మాయిశ్చరైజరు మాత్రం మానలేదు.

నాన్నకి ఫోన్లో ఈ రంగుల ఐడియా చెప్పి మురిసిపోతుంటే ఆయన నీళ్లు చల్లేశారు. "రంగు చూసేది నేనమ్మా. మనూళ్లో సగం మంది ఎర్ర గుర్తుదే ఇమ్మని అడిగి కొనేవాళ్లు. అదైతేనే పురుగు చస్తుందని" అన్నారు.

ఈ మాట దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. నిజమే కదా. క్రీము మీద 'చాలా ఎక్కువ పవర్' అని రాస్తే మన వాళ్లు అదే అడిగి కొనరా? మా అత్తయ్య ట్యూబు మూడు రోజుల్లో తగ్గించిందని నేను ఊరంతా చెప్పుకున్నాను, నేను ఎర్ర గుర్తు కొనేదాన్ని కాదా? అందుకని ఉత్త రంగు సరిపోదు. నాన్న చేలో కూడా పనిచేసింది ఉత్త రంగు కాదు, కోతకి ఇన్ని రోజుల ముందు ఆపాలి అన్న లెక్క. క్రీముకీ అలాంటి లెక్కే కావాలి. మొహానికి వద్దు. గజ్జలకి వద్దు. ఇన్ని రోజులు దాటొద్దు. పెద్దవాళ్ల చూపుడు వేలు చివరి గీత నుంచి కొస దాకా పిండితే అర గ్రాము వస్తుంది, అది పెద్దవాళ్ల అరచేతులు రెండు, వేళ్లతో సహా, కలిపితే ఎంతో అంత చోటుకి సరిపోతుంది. ఇది డాక్టరు గారు నాకు రెండోసారి వెళ్లినప్పుడు వేలు మీద పిండి చూపించారు, అప్పటిదాకా నేను బ్రష్ మీద పేస్టు పెట్టినట్టు పెట్టేదాన్ని. ఈ వేలి బొమ్మ ఒకటి ట్యూబు మీద వేస్తే చదువు రాకపోయినా అర్థమవుతుంది.

ఇంకో వైపు కూడా చూడాలి. స్టెరాయిడ్ అంటేనే భూతం అన్నట్టు లావుగా రాసేస్తే మళ్లీ మొదటి బాక్సు కథే. మా ఆఫీసులో ఒకావిడ, వీడియోలు చూసి స్టెరాయిడ్ ముట్టుకోనని ఒట్టేసుకుంది. ఆరు నెలల బాబు. పసుపు, వేపాకు, కొబ్బరినూనె. బాబు బుగ్గలు పగిలి పసుపు పచ్చటి చీము కట్టి, జ్వరమొచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. వాడికి తగ్గింది దేంతో అనుకున్నారు, చీముకి యాంటీబయాటిక్, దాంతోపాటు తక్కువ పవర్ హైడ్రోకార్టిసోన్ వారం రోజులు. అది 1952 నుంచి చర్మానికి రాస్తున్న మందు. ఆవిడని నేనేమీ అనలేదు. ట్యూబు చెత్తబుట్టలో వేసిన చెయ్యి నాది కూడా.

నిన్న సాయంత్రం

మూడో ఫ్లోర్ అమ్మాయి ట్యూబు పారేయలేదు. నిన్న కాగితం, ట్యూబులు పట్టుకుని మా ఇంటికొచ్చింది. ముందు వాళ్ల డాక్టరుకి ఫోను చేసి ఏది ఎక్కడ, ఎన్ని రోజులు అని విడివిడిగా అడగమన్నాను, స్పీకర్లో పెట్టి అడిగింది, ఆయన ఓపిగ్గా చెప్పారు. ఆ తర్వాత నేను పాప మందులకి చేసేదే వాళ్ల బాబు మందులకీ చేశాం. తెల్లటి ప్లాస్టరు ముక్క చుట్టి బాల్‌పెన్‌తో తెలుగులో రాయడం. ఒకదాని మీద "కళ్ల చుట్టూ ఇదే. మండుతుంది, మానొద్దు. రాసి ఎండలోకి వద్దు." ఇంకోదాని మీద "చేతులు, కాళ్లు మాత్రమే. మొహానికి వద్దు. 7 రోజులు", దాని కింద ఏడు చిన్న గళ్లు, రాసిన రోజల్లా ఒకటి కొట్టేయడానికి. ప్లాస్టరు ట్యూబు మూత వైపు చుట్టాలి, అడుగు వైపు చుడితే రెండో వారానికి కనపడదు.

మేం రాస్తుంటే అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని వచ్చి పాప ట్యూబు వెలుగులోకి పట్టుకుని పైకే చదివారు, వేలు పెట్టి గళ్లు లెక్కపెట్టారు. "అమ్మాయ్, ఇందులో ఏడూ కొట్టేసి ఉన్నాయి. నున్నగానే ఉంది మోచెయ్యి. ఇవాళ్టి నుంచి ఆపేయనా?" అన్నారు.

"ఆపేయండత్తయ్యా" అన్నాను.

ఆవిడ ట్యూబు తీసుకెళ్లి అల్మైరాలో పై అరలో పెట్టి, మాయిశ్చరైజరు సీసా చేత్తో పట్టుకుని పాపని పిలిచారు.